ఆరి వెలిగే డబ్బా

నా కొట్టుకి వచ్చేవాళ్ళలో సగం మంది అబద్ధాలకోరులు. "నేనేం చెయ్యలేదు పెర్సిదా, దానంతటదే పోయింది" అంటారు. మూత విప్పితే లోపల కాఫీ మరకలు, రొట్టె పొడి, ఒకసారైతే ఎండిపోయిన ఎలుక పిల్ల. మా జాగుబిత్సా ఊళ్ళో రేడియోలు, టీవీలు, కంప్యూటర్లు బాగుచేసేదాన్ని నేనొక్కదాన్నే. మా ఆయన పోయినప్పుడు ఇక కొట్టు మూసేస్తుందిలే అనుకున్నారు అందరూ. మొదటినుంచీ రిపేర్లు చేసింది నేనేననీ, ఆయన ముందు కూచుని కబుర్లు చెప్పేవాడనీ వాళ్ళకి అప్పుడు తెలిసింది. నాకు ముక్కుమీద కోపమని ఊరంతా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి. వేరే దిక్కు లేదు కాబట్టి తిట్టించుకోవడానికైనా నా దగ్గరికే వస్తారు.

ట్రాయిలో అనే ముసలాయన మంగళవారం పొద్దున వచ్చాడు. పైన కొండమీద సెలిష్టె ఊరివాడు, అటవీ శాఖలో చెట్లు కొట్టే పని చేసి రిటైరయ్యాడు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. టోపీ తీసి చేత్తో పట్టుకుని, గుమ్మం దగ్గరే బూట్ల బురద రెండుసార్లు తుడుచుకున్నాడు. సంచిలోంచి జున్ను గడ్డ ఒకటి, ఆ తరవాత అరచేతి పొడుగున నల్లటి కంప్యూటర్ డిస్కు డబ్బా ఒకటి తీసి బల్లమీద పెట్టాడు.

"కంప్యూటర్‌కి తగిలిస్తే వస్తుంది, పోతుంది చెల్లెమ్మా. రెండు నిమిషాలు కూడా నిలవదు. శనివారం లోపల ఇందులోంచి ఒక పాట తియ్యాలి."

శనివారం ఏమిటో నాకు తెలుసు. వాళ్ళ అమ్మాయి రాయ్నా పోయి ఏడాది, ఆ రోజు పొమానా, అంటే చనిపోయినవాళ్ళ పేరున పెట్టే భోజనాలు. ఒక్కగానొక్క కూతురు, ఇరవై ఏడేళ్ళది, ఈ చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో అకార్డియన్ వాయించేది. కిందటి నవంబర్లో ఓ పెళ్ళిలో వాయించి తిరిగొస్తుంటే పొగమంచులో కారు లోయలోకి జారింది. తెల్లారాక గొర్రెల కాపరి ఎవరో చూశాడు. ఎంతసేపు బతికుందో ఎవరికీ తెలియదు. పక్కన ఎవరూ లేరు, చేతిలో కొవ్వొత్తి లేదు.

మా వ్లాహ్ జనంలో దాన్ని మించిన ఘోరం లేదు. ప్రాణం పోతున్న మనిషి చేతిలో వెలుగు పెట్టాలి. పెట్టకపోతే అవతల చీకట్లో తడుముకుంటూ తిరుగుతారంటారు. ఆ రోజు శవాన్ని ఇంటికి తెచ్చినప్పుడు తల్లి ద్రగీన్య "నా బిడ్డ పోయిందే" అని ఏడవలేదు. "నా బిడ్డ చీకట్లో పోయిందే" అని ఏడ్చింది. ఆ ఏడుపు నేను చెవులారా విన్నాను.

"ఏం పాటన్నా అది?" అన్నాను.

"దాని పాట. శనివారం దాని పేరు మీద ఆట ఆడాలిగా, దానికి."

ఏడాది తిరిగాక చనిపోయినవాళ్ళకి ఒక ఆట ఇవ్వాలి. అన్నమూ, రొట్టె, బట్టా ఇచ్చినట్టే ఆటనీ ఇస్తాం. దగ్గరివాళ్ళెవరో వెలిగించిన కొవ్వొత్తి పట్టుకుని ముందు నిలబడతారు, వెనక ఊరంతా చేతులు కలుపుకుని వరసగా అడుగులేస్తారు. చనిపోయినవాళ్ళు ఇష్టపడిన పాటనే మేళంవాళ్ళు వాయించాలి. అప్పుడే ఆ ఆట వాళ్ళకి అందుతుంది. వేరే పాట వాయిస్తే ఉత్తరం రాసి పక్కింట్లో పడేసినట్టే. ఆ ఆట అయ్యేదాకా ఇంట్లో పాట లేదు, రేడియో లేదు.

"ఆ పాట ఆదమ్‌కి రాదా? అతనూ రాయ్నా ఒక మేళంలోనే కదా వాయించింది."

"ఎవరికీ రాదు. మా నాన్న పిల్లనగ్రోవి మీద వాయించేవాడు. ఆయన దగ్గర నేర్చుకుని అకార్డియన్ పెట్టె మీదకెక్కించింది. పెళ్ళిళ్ళలో ఒక్కనాడు వాయించలేదు. ఇది అమ్మేది కాదు నాన్నా అనేది. నేను పోయినప్పుడు దీనికి ఆడండి అని వాళ్ళమ్మని ఏడిపించేది." ట్రాయిలో టోపీని చేతుల్లో తిప్పాడు. "నాకూ రాదు. మొదటి ముక్క వస్తుంది. తరవాత ఎటో పోతుంది."

ఈల వేసి చూపించాడు. మొదటి ముక్క బాగానే వచ్చింది. ఆ తరవాత సైన్యంలో పాడుకునే పాటలోకి జారిపోయింది. ఆపేశాడు. నేను జున్ను తీసి లోపల పెట్టి, "రేపు రా" అన్నాను.

ఇలా వస్తూ పోతూ ఉండే డిస్కులు నా దగ్గరికి నెలకి మూడైనా వస్తాయి. పదింటిలో ఏడింటికి తప్పు తీగది. తీగ మార్చాను. డబ్బా మీద నీలం దీపం వెలిగింది, కంప్యూటర్ తెర మీద డిస్కు కనిపించింది, లోపల ఏ ఫోల్డరు ఉందో చూసేలోపు టింగుమని ఊడిపోయింది. దీపం ఆరింది. మళ్ళీ దానంతటదే వెలిగింది. కంప్యూటర్ ముందు వైపు సాకెట్లకి కరెంటు సరిగ్గా అందదు, అందుకని వెనక దానికి తగిలించాను. అదే వరస. కరెంటు పొదుపు కోసం కంప్యూటర్ తనంతట తాను డిస్కుల్ని నిద్రపుచ్చుతూ ఉంటుంది, ఆ ఏర్పాటు తీసేశాను. అదే వరస. విడిగా కరెంటు ఇచ్చే పెట్టె మధ్యలో పెట్టాను. ఈసారి నాలుగు నిమిషాలు నిలిచింది. నాకు ఆశ పుట్టింది. టింగుమంది, పోయింది. ఆ చప్పుడు వినీ వినీ సాయంత్రానికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి డిస్కు సొంత లెక్క చూశాను. ప్రతి డిస్కూ తాను ఎన్ని గంటలు తిరిగిందో, ఎన్నిసార్లు ఆగి మళ్ళీ మొదలైందో తనలో రాసుకుంటుంది. ఆ అంకె చూసి నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. ఇరవై ఏళ్ళు వాడిన డిస్కు కూడా అన్నిసార్లు ఆగి ఉండదు. ఎవరో దీన్ని ఏడాది పొడుగునా రాత్రీ పగలూ నడిపారు. చాలీచాలని కరెంటు మీద నడిపారు. అది తిరగలేక ఆగడం, మళ్ళీ లేవడం, మళ్ళీ పడిపోవడం. లోపలి భాగాలు అరిగిపోక ఏమవుతాయి?

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వస్తువు పాడైతే నాకు కోపం రాదు. వస్తువుని చేతులారా పాడుచేస్తే వస్తుంది.

బుధవారం ట్రాయిలో ఒక్కడే రాలేదు. వెనక ద్రగీన్య ఉంది. తల నుంచి కాలిదాకా నలుపు. ఏడాదిలో మనిషి సగమైపోయింది. ఆమెని చూసైనా నేను నోరు కట్టుకోవలసింది. కట్టుకోలేదు.

"ఏ బుద్ధిలేని మనిషి దీన్ని ఏడాది పాటు ఆపకుండా నడిపిందన్నా?" అన్నాను. "డిస్కు అనుకున్నారా, తిరగలి అనుకున్నారా? ఊరికే బీరువాలో పడేసి ఉంటే ఇవాళ పది నిమిషాల పని ఇది. ఎవరో పట్టుబట్టి చంపారు దీన్ని."

ట్రాయిలో నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు, వద్దు అన్నట్టు. నాకు ఆలస్యంగా అర్థమైంది.

"నేనే," అంది ద్రగీన్య.

ఆమె గొంతులో కోపం లేదు. చెప్పుకుంటూ పోయింది, కళ్ళు ఆ డబ్బా మీదే పెట్టి.

"అమ్మాయి ఉన్నప్పుడు రాత్రిళ్ళు దాని గదిలో ఇది వెలిగేది. కంప్యూటర్‌కి తగిలించి ఉండగా చూశాను. నీలంగా. కొవ్వొత్తి పెడితే నాకు కునుకు పట్టగానే ఆరిపోతోంది పెర్సిదా. నూనె దీపం పెడితే గాలికి పోతోంది. నలభై రోజులూ నిద్రపోకుండా కూచున్నా, ఆ తరవాత నావల్ల కాలేదు. ఇదైతే ఆరదు కదా అనుకున్నా. దాని ఫోను చార్జరుకి తగిలించి దేవుడి పటం దగ్గర పెట్టా."

"వదినా," అన్నాను.

"ఆరేది. కానీ మళ్ళీ వెలిగేది, ఎవరూ ముట్టుకోకుండానే. కొవ్వొత్తి ఆరితే నేను వెలిగించాలి. ఇది దానంతటదే వెలిగేది." ఆమె చేతిగుడ్డ మడతపెట్టింది, విప్పింది. "అది వచ్చి వెళ్తోందనుకునేదాన్ని. వెలుగుందో లేదో చూసుకుని వెళ్తోందని."

ఫోను చార్జరు డిస్కుకి సరిపడా కరెంటు ఇవ్వదు. దీపం వెలుగుతుంది గానీ డిస్కు తిరగడానికి చాలదు. ఆ అమ్మ ఏడాదిపాటు తన కూతురనుకుని చూసింది, అది పడిపోయి లేవడాన్ని. ఈ సంగతి నేను ఆమెకి చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

"నా దీపమే దాని పాటని తినేసిందా?" అంది.

"లేదు వదినా. ఇంకా బతికే ఉంది. కొంచెం నీరసించింది, అంతే."

"చంపారన్నావుగా."

"నేను అంటూనే ఉంటాను. నా మాటకేం విలువ?"

చెయ్యవలసింది ఒకటే మిగిలింది. డబ్బా విప్పి, డిస్కుని బయటికి తీసి, నేరుగా కంప్యూటర్ కడుపులో తగిలించడం. రాయ్నా పాత ల్యాప్‌టాప్ డిస్కుని ఒక డబ్బాలో పెట్టించుకుంది, కాబట్టి రెండూ విడివిడి. డబ్బాలో చిన్న పలక ఒకటి ఉంటుంది, దీపం ఉండేది దాని మీద. నేను స్క్రూడ్రైవరు తియ్యగానే ద్రగీన్య చెయ్యి ముందుకొచ్చింది.

"దీపమో?"

"దీపం డబ్బాది. పాట డిస్కుది. రెండూ వేరు."

"ఆరిపోతుందా?"

ముప్ఫై ఏళ్ళలో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. డిస్కు తీశాక ఉత్త డబ్బాని చార్జరుకి తగిలించి చూపించాను. నీలం దీపం వెలిగింది. ఇప్పుడు కరెంటు లాగేసే డిస్కు లేదు కాబట్టి నిలకడగా వెలిగింది. ద్రగీన్య దాన్ని రెండు చేతులతో అందుకుంది.

"ఇక ఆరదా?"

"కరెంటు పోతే తప్ప ఆరదు."

"మళ్ళీ వెలగడం కూడా ఉండదన్నమాట."

"ఉండదు."

"మంచిదే," అంది. ఆ డబ్బాని చేతిగుడ్డలో చుట్టుకుని తీసుకుపోయింది. గుమ్మం దాటాక ట్రాయిలో వెనక్కి తిరిగి, "నువ్వేం మనసులో పెట్టుకోకు చెల్లెమ్మా" అన్నాడు. తిట్టింది నేను, ఓదార్చింది ఆయన. సిగ్గుతో చచ్చిపోయాను.

బుధవారం మిగతా రోజూ, గురువారం అంతా కొట్టు తలుపు మీద "పని ఉంది" అని కాగితం అంటించాను. నేరుగా తగిలిస్తే డిస్కు ఏడెనిమిది నిమిషాలు బతికేది, వేడెక్కాక గరగరమని ఆగిపోయేది. తీసి కిటికీ గట్టు మీద, నవంబరు చలిలో పెట్టేదాన్ని. గంట చల్లారనిచ్చి మళ్ళీ ఏడు నిమిషాలు. మాంసం కొట్టువాడు కాగితం చూసి కూడా లోపలికి తల పెట్టి, "ఫ్రిజ్‌లో పెట్టు పెర్సిదా, మా బావమరిది అలాగే చేశాడు" అన్నాడు. "మీ బావమరిదిని పెట్టు ఫ్రిజ్‌లో" అన్నాను. తేమ పట్టిందంటే ఉన్నదీ పోతుంది.

రాయ్నా రికార్డు చేసుకున్న పాటలన్నిటికీ తారీఖులే పేర్లుగా పెట్టింది. మూడు వందలకి పైగా ఉన్నాయి. ఏడు నిమిషాల్లో నాలుగైదు బయటికొచ్చేవి. ఒక్కొక్కటీ విని, ట్రాయిలో ఈలతో పోల్చి చూసుకునేదాన్ని. అన్నీ పెళ్ళి పాటలే. ఆ పిల్ల వేళ్ళు ఎంత చురుగ్గా పరిగెత్తేవో నాకు ముందు తెలియదు. పెళ్ళిళ్ళలో పక్కన నిలబడి తింటూ విన్నాను తప్ప చెవి పెట్టి విన్నదెప్పుడు? గురువారం సాయంత్రానికి డిస్కు నాలుగు నిమిషాలకి దిగింది. నేను దాన్ని బతిమాలుతున్నాను, బూతులు తిడుతున్నాను, మళ్ళీ బతిమాలుతున్నాను. ఎవరైనా చూస్తే పిచ్చెక్కిందనుకునేవారు.

శుక్రవారం పొద్దున పదింటికి దొరికింది. ఒక మార్చి నెల తారీఖు. డిస్కు ఆ ఫైలుని పూర్తిగా ఇచ్చింది, చివరి అక్షరం దాకా. ఆ తరవాత ఒక్కసారి కీచుమని ఆగింది. ఇక ఎన్నిసార్లు చల్లార్చినా లేవలేదు.

తలుపు వేసుకుని విన్నాను.

మొదట కుర్చీ జరిపిన చప్పుడు. రాయ్నా గొంతు, "తాత పాట, ఇదిగో." తరవాత అకార్డియన్. ట్రాయిలో ఈల వేసిన ముక్కే, కానీ ఈసారి అది ఎక్కడికి వెళ్ళాలో అక్కడికి వెళ్ళింది. నెమ్మదిగా మొదలై, ఒక చోట కిందికి దిగి, అక్కడినుంచి మెట్టు మెట్టుగా లేస్తోంది. ఇంకాస్తలో పైకి అందుకుంటుందనగా, ఆ రికార్డింగులోనే, తలుపు కిర్రుమంది.

"ఇంకా ఆ డొక్కు పట్టుకునే కూచున్నావా? పందులు గోల పెడుతున్నాయి, కుడితి ఎవరు పోస్తారు?"

ద్రగీన్య గొంతు. నిండు గొంతు, నాకు తెలిసిన పాత ద్రగీన్య.

"ఒక్క నిమిషం అమ్మా, అయిపోవచ్చింది." వాయిస్తూనే ఉంది.

"నీ ఒక్క నిమిషాలు నాకు తెలుసు. ఆపమన్నానా?"

పెట్టెలోంచి గాలి పోయిన చప్పుడు. రాయ్నా నవ్వు. "ఆపాలే, ఆపాలే. నువ్వు తల్లివి కాదు, పోలీసువి." టక్కు. అంతే.

డిస్కు ఏమీ తినలేదు. దీపం ఆ పాటని పాడుచెయ్యలేదు. పాట అక్కడే ఆగింది, రెండున్నరేళ్ళ కిందట, పందుల కుడితి కోసం.

ఇప్పుడు ఏం చెయ్యాలి? చివరి ముక్క కోసెయ్యడం నాకు అరనిమిషం పని. తల్లి గొంతు రాకముందే ఆపేసి, "డిస్కులో ఇంతే మిగిలింది" అనొచ్చు. కానీ అప్పుడు మిగతాది తన దీపమే తినేసిందని ద్రగీన్య బతికినన్నాళ్ళూ ఏడుస్తుంది. కొయ్యకుండా వినిపిస్తే తనే ఆపించానని ఏడుస్తుంది. ఎటు తిప్పినా ఆ తల్లి మెడకే చుట్టుకుంటోంది. ఆ యంత్రాన్నీ, మార్చి నెలనీ, పందుల్నీ, అన్నిటినీ తిట్టుకున్నాను. తిట్టి ఏం లాభం?

పన్నెండింటికి ట్రాయిలో వచ్చాడు, ఆదమ్ కారులో. ఆదమ్‌ని బయటే ఉండమని, ముసలాయన్ని ఒక్కణ్ణే కూచోబెట్టి వినిపించాను. ఆయన మొదటినుంచి చివరిదాకా కదల్లేదు. అయిపోయాక టోపీతో మొహం కప్పుకున్నాడు.

"చివర కోసెయ్యమంటావా అన్నా?"

"నవ్వు కూడా పోతుందిగా," అన్నాడు టోపీలోంచి.

"పోతుంది."

"ఉండనీ. ఏడాదైంది ఆ నవ్వు వినక."

ముగ్గురం సెలిష్టె వెళ్ళాం. ఇల్లంతా పొమానా వంటలే. చుట్టాల ఆడవాళ్ళు రొట్టెలు కాలుస్తున్నారు, గంగాళంలో చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. ద్రగీన్య పిండి చేతులతోనే వచ్చింది. రాయ్నా గదిలో మంచం మీద కూచోబెట్టి, నా ల్యాప్‌టాప్ ఆమె ఒళ్ళో పెట్టాను. దేవుడి పటం దగ్గర డబ్బా నీలంగా, కదలకుండా వెలుగుతోంది. "వదినా, ఒక మాట ముందే చెబుతా," అన్నాను. "ఆ పాట ఉన్నంత మేరా డిస్కు ఇచ్చింది. నీ దీపం వల్ల అందులో ఏమీ పోలేదు. ఇది దేవుడి మీద ఒట్టు. కానీ పాట మాత్రం మొత్తం లేదు."

ఆమె అర్థం కానట్టు చూసింది. నొక్కాను.

తన గొంతు వచ్చినప్పుడు ద్రగీన్య తలుపు వైపు చూసింది, ఎవరో వచ్చారన్నట్టు. తరవాత అర్థమైంది. నవ్వు దాకా విని, "మళ్ళీ" అంది. మళ్ళీ పెట్టాను. మూడోసారీ పెట్టించుకుంది. ఆదమ్ తలుపు దగ్గర నిలబడి మొదటిసారికే పాట పట్టేశాడు, వేళ్ళు తొడమీద ఆడుతున్నాయి. రెండోసారికి వేళ్ళు ఆపి గోడకి తిరిగాడు.

"ఆ పందుల్ని ఆ ఏడు క్రిస్మస్‌కే కోశాం," అంది ద్రగీన్య. "మాంసానికి ఉప్పు పట్టించింది నేనే. అది తిన్నది కూడా." చేతికంటిన పిండి గోళ్ళతో గీక్కుంటోంది. "ఒక్క నిమిషం అడిగిందే. ఒక్క నిమిషం ఆగితే పందులు చచ్చిపోయేవా?"

"ఎవరి ఇంట్లోనైనా అంతే వదినా. నేను మా ఆయన్ని నోరు ముయ్యమనని రోజు లేదు."

"పోలీసునట." పెదవి ఒక పక్కకి వంగింది, నవ్వడానికి. అక్కడే ఆగిపోయి ఏడ్చింది. గట్టిగా కాదు. గట్టిగా ఏడ్చే ఓపిక ఆమెకి అయిపోయింది. ట్రాయిలో పక్కన కూచుని ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. నాకు ఎటు చూడాలో తెలియక ల్యాప్‌టాప్ మూత వేశాను, తీశాను.

కొంతసేపయ్యాక ఆదమ్ గొంతు సవరించుకున్నాడు. "పిన్నీ, మిగతాది నేను అల్లుతాను. వరస తెలిసిపోయింది, పైకి వెళ్ళి దిగిపోవడమే. ఎవరికీ తేడా తెలియదు."

"దానికి తెలుస్తుంది," అంది ద్రగీన్య. "అది ఎక్కడ ఆపిందో నువ్వూ అక్కడే ఆపు."

"సగంలోనా? ఆట సగంలో ఎలా ఆపుతాం పిన్నీ?"

"పాట ఆపమన్నాన్రా. ఆట ఆపమనలేదు."

ఆమె మాట ఆదమ్‌కి అర్థం కాలేదు. నాకూ కాలేదు. ఆమె లేచి పిండి దగ్గరికి వెళ్ళిపోయింది.

శనివారం ఎండ కాసింది గానీ చలి విరగలేదు. పెరట్లో బల్లలు వేశారు. రాయ్నా పేరున రొట్టెలు, ఉడికించిన గోధుమలు, చేపలు, నీళ్ళ కూజాలు. దాని ఈడు పిల్ల ఒకతెకి కొత్త బట్టలు, బూట్లు, దుప్పటి ఇచ్చారు, అవతల రాయ్నాకి అందేలా. భోజనాలయ్యాక అందరూ లేచారు. ఆదమ్ అకార్డియన్ తగిలించుకున్నాడు. పక్కన ఫిడేలు వాయించే ముసలాయన, డప్పు కుర్రాడు.

ద్రగీన్య ముందు నిలబడింది. కుడిచేతిలో లావుపాటి మైనపు కొవ్వొత్తి, ఎడమచేతిలో ట్రాయిలో చెయ్యి. ఆ తరవాత చుట్టాలు, ఊరివాళ్ళు, రాయ్నా మేళంలో పాడే అమ్మాయిలు. నేను వెనక నిలబడి చూద్దామనుకుంటే ఎవరో చెయ్యి పట్టి లాగి వరసలో కలిపారు. "రాయ్నా, ఇది నీ ఆట," అంది ద్రగీన్య, పక్కింటి అమ్మాయిని పిలిచినంత మామూలుగా. "నీకే ఇస్తున్నాం."

ఆదమ్ మొదలుపెట్టాడు. అచ్చం అలాగే, నెమ్మదిగా. వరస కదిలింది. ఏడాది తరవాత అడుగు వేస్తున్న మనిషి, అయినా ద్రగీన్య కాలు తడబడలేదు. పాట కిందికి దిగింది, మెట్టు మెట్టుగా లేచింది. అందరికీ తెలుసు ఎక్కడ ఆగుతుందో. రాత్రికి రాత్రే ఊరంతా పాకింది ఆ సంగతి. నా చెయ్యి పట్టుకున్న ఆవిడ వేళ్ళు బిగించింది. ఆదమ్ పైకి అందుకోబోయే చోట పెట్టె మూశాడు. ఫిడేలూ డప్పూ ఆగాయి.

ద్రగీన్య ఆగలేదు.

అదే అడుగు, అదే వేగం. మూడు కుడికి, ఒకటి వెనక్కి. ట్రాయిలో కదిలాడు, ఆయన వెనక చుట్టాలు, వాళ్ళ వెనక మేమంతా. యాభై అరవై మందిమి ఉంటాం. గడ్డకట్టిన నేల మీద బూట్ల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఎవరో ఒకావిడ ఏడుపు ఆపుకోలేక వెక్కింది, అడుగు మాత్రం తప్పలేదు.

"వాయించుకోవే," అంది ద్రగీన్య. అరవలేదు. ముందుకు చూస్తూ అంది. "మిగతాది నింపాదిగా వాయించుకో. ఈసారి నేను ఆపమనను."

ఒక చుట్టు అయింది. రెండో చుట్టు. మైనం కారి ఆమె మణికట్టు దాకా గడ్డకట్టింది. ఆదమ్ పెట్టె మీద మొహం వాల్చి నిలబడ్డాడు. ఆ పూట ఎవడొచ్చి లాగినా నేను వరస వదిలేదాన్ని కాదు. కళ్ళు నిండిపోయి ముందువాళ్ళ వీపు కూడా సరిగ్గా కనబడలేదు. ఒక్క నిమిషం అడిగిన పిల్లకి ఆ తల్లి ఎన్ని నిమిషాలిచ్చిందో ఎవరూ గడియారం చూడలేదు.

మూడో చుట్టు మధ్యలో, బావి దగ్గర, ద్రగీన్య అడుగు చిన్నది చేసింది. రెండుసార్లు కాలు నేలకి కొట్టి ఆగింది, ఆట ముగిసినప్పుడు అందరం కొట్టేలాగే. వరస మొత్తం ఆగింది.

"అయిపోయింది," అంది ట్రాయిలోతో. "బాగా వాయించింది."

ఎక్కడ అయిపోయిందో ఆమెకెలా తెలిసిందని నేను అడగలేదు.